గోడలకు రంగులు సరే, పాఠం వినబడుతోందా?

సర్కారు బడుల బాగు కోసం ఆంధ్రాలో 2019లో మొదలైన నాడు-నేడు చూడండి, తెలంగాణలో 2022లో వచ్చిన మన ఊరు - మన బడి చూడండి. మరుగుదొడ్లు, మంచినీళ్లు, ఫ్యాన్లు, బెంచీలు, రంగులు, గ్రీన్ బోర్డులు. అన్నీ కావాల్సినవే, కాదనను. కానీ టీచర్ చెప్పేది ఆఖరి బెంచీ దాకా వినబడుతోందా అని అడిగిన నాథుడు లేడు.

నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. పైన స్లాబు, కింద టైల్స్, చుట్టూ నున్నటి గోడలు. ఇవేవీ శబ్దాన్ని పీల్చుకోవు, తిప్పికొడతాయి. ఒక మాట మోత తగ్గకముందే రెండో మాట వచ్చి దానిమీద పడుతుంది. నేను ఇరవై రెండు అంటే వెనక కూర్చున్నవాడు అరవై రెండు రాసుకుంటాడు, తర్వాత లెక్క తప్పిందని వాడికే చీవాట్లు. పక్క గదిలో మేడం గొంతు పెంచితే నేనూ పెంచాలి, నేను పెంచితే ఆవిడ ఇంకాస్త. మధ్యాహ్నానికి ఇద్దరికీ గొంతు బొంగురు. కాలర్ మైక్ కొనుక్కోమంటారు. మోగే గదిలో మైక్ పెడితే మోతే కదా పెరిగేది!

ఇంగ్లీష్ మీడియం వచ్చాక ఇది ఇంకా ముదిరింది. తెలుగులో ఒక మాట జారిపోయినా పిల్లాడు ఊహించుకుంటాడు. రాని భాషలో ఏం ఊహిస్తాడు?

సిటీల్లో కార్పొరేట్ స్కూళ్లు మెరుగనుకోకండి. అపార్ట్‌మెంట్‌ని అద్దెకు తీసుకుని, గదుల మధ్య ప్లైవుడ్ అడ్డం పెట్టి లక్షలు గుంజేవి ఎన్ని లేవు! ఫిజిక్స్ క్లాసులో కూర్చుంటే పక్క క్లాసు హిందీ పాఠం ఫ్రీ.

ఇదేదో సుకుమారం అనుకునేవాళ్లకి న్యూయార్క్ సంగతి చెప్పాలి. అక్కడ రైలు వంతెన పక్కనే ఉన్న ఒక బడిలో ఆర్లీన్ బ్రాంజాఫ్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన పరిశీలన 1975లో వచ్చింది. పట్టాల వైపు గదుల్లో చదివే పిల్లలు అవతలి వైపు పిల్లలకంటే చదవడంలో వెనకబడ్డారు. ఆరో తరగతికి ఆ తేడా ఏడాదికి దగ్గరగా తేలింది. తర్వాత పట్టాల కింద రబ్బరు ప్యాడ్లు వేశారు, గదుల పైకప్పుకి శబ్దాన్ని పీల్చే పలకలు బిగించారు. 1981లో మళ్లీ చూస్తే తేడా మాయం. పిల్లల్ని మార్చలేదు, ట్యూషన్లూ పెట్టలేదు.

అమెరికా ప్రమాణం ప్రకారం మామూలు తరగతి గదిలో మోత 0.6 సెకన్లలో అణిగిపోవాలి. మన 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు బడి చుట్టూ 100 మీటర్లు సైలెన్స్ జోన్‌గా ప్రకటించవచ్చంటాయి, పగలు 50 డెసిబెల్స్ హద్దు పెడతాయి. అదంతా గేటు బయటి సంగతి. బయట అదైనా ఎక్కడ అమలవుతోంది, సైలెన్స్ జోన్ బోర్డు కిందే ఆటోల హారన్లు!

థర్మాకోల్, కోడిగుడ్ల అట్టలు అంటించి సరిపెట్టకండి, వాటితో పెద్దగా ఒరిగేదేం లేదు. పైకప్పుకి శబ్దాన్ని పీల్చే మినరల్ ఫైబర్ పలకలు వేస్తే చాలావరకు తగ్గుతుంది. అంత డబ్బు లేకపోతే వెనక గోడకి మందపాటి గుడ్డ చుట్టిన నోటీసు బోర్డులు పెట్టండి. ఇనప బెంచీల కాళ్లకి పాత సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగినా ఆ కీచుమనే గోల పోతుంది.

ఇంజనీర్ గారిని అడిగితే "ఎస్టిమేట్‌లో ఆ ఐటమ్ లేదు మాస్టారూ" అన్నారు. సార్, ఆ ఐటమ్ పెట్టమనే అడుగుతున్నాం.