నూటికి ఎంత మిత్తి అని అడగరాదు

రిటైర్మెంటు పొదుపు గురించి మాట్లాడేటప్పుడు పాటించాల్సిన మర్యాద ఒకటుంది, మా నల్లగొండ వైపు అది ఇంకా రాలేదు. ఎదుటివాడు యాన్యుటీ అన్నాక "అంటే?" అనకూడదు, తల ఊపి సంతకం ఎక్కడ పెట్టాలో అడగాలి. దేశ ఆర్థిక వ్యవస్థ ఆ తల ఊపుడు మీదే నిలబడిందని నా గట్టి నమ్మకం. నేను ఊపాను, ఆరేళ్లుగా కడుతున్నాను, ఏమైంది నాకు?

మా మామ మాత్రం మొన్న పరువు తీశాడు. బీమా ఏజెంటు అరుగు మీద రంగు కాగితాలు పరిచి సమ్ అష్యూర్డ్, మెచ్యూరిటీ బెనిఫిట్, గ్యారంటీడ్ అడిషన్ అని అష్టోత్తరం చదివినట్టు చదివాడు. ఏటా లక్ష చొప్పున పదేళ్లు కడితే, మొదలుపెట్టిన ఇరవై ఏళ్లకు ఇరవై లక్షలు. "డబల్ బాపూ, డబల్!" మామ బత్తాయి ఒలుస్తూ అంతా విన్నాడు.

"అన్నీ మంచిగనే ఉన్నయి గని బిడ్డా, నూటికి ఎంత మిత్తి పడ్తది?"

"అట్ల లెక్కగట్టరు బాపూ, దీంట్ల లైఫ్ కవర్ గూడ ఉంటది."

మామ ఊరుకోలేదు. మనవడి ఫోన్ లాక్కుని, ఏడాదికోసారి మిత్తిని అసల్లో కలిపి నోటు తిరగరాసే పద్ధతిలో, నెలకు నూటికి అర్ధ రూపాయి మిత్తికి లెక్క కట్టాడు. ఇరవై ఐదు లక్షలు తేలింది. "మరి ఐదు లక్షలు ఎటు పోయినయి?" అన్నాడు. ఏజెంటు చాయ్ తాగకుండానే కాగితాలు సర్దుకున్నాడు. ఆ పాలసీలో నిజంగా పడే మిత్తి ఏడాదికి నాలుగున్నర శాతం, అంటే నెలకు నూటికి నలభై పైసలు కూడా లేదు. ఏడు శాతం ఇచ్చే ఎఫ్‌డీ అయినా యాభై ఎనిమిది పైసలు పడుతుంది. లైఫ్ కవరే కావాలంటే మనిషి పోతేనే ఇంటివాళ్లకు డబ్బిచ్చే ఉత్త టర్మ్ పాలసీ వేరుగా, చాలా తక్కువకు దొరుకుతుంది, కానీ అందులో చివర చేతికి ఏమీ రాదు కాబట్టి దాన్ని అరుగు మీద అమ్మడం కష్టం.

ఇలాంటివాళ్లు పెరిగితే చాలా ప్రమాదం. లాకిన్ పీరియడ్, అంటే డబ్బు తీయరాని గడువు, అంటే వీళ్లకు భయం లేదు, బత్తాయి మొక్క నాటి కాపు కోసం నాలుగైదేళ్లు చూసినవాళ్లు ఈఎల్ఎస్ఎస్ అనే పన్ను ఆదా మ్యూచువల్ ఫండు మూడేళ్లకు జడుస్తారా? ఎన్ఏవీ, అంటే ఒక్క యూనిట్ ధర, పది రూపాయలున్న ఫండు చవక, వంద రూపాయలున్నది పిరం అంటే నవ్వుతారు, కిలో బస్తాకూ క్వింటాలు బస్తాకూ తేడా తెలిసినవాళ్లు మరి. అందుకే ఎక్స్‌పెన్స్ రేషియో, అంటే ఫండు నడిపినందుకు మన సొమ్ములోంచి పట్టుకునే ఖర్చు శాతం, అనే మాటను దేవరహస్యంలా కాపాడుకోవాలి. చీటీ నడిపేవాడు కమీషన్‌లో వంద రూపాయలు ఎక్కువ పట్టుకుంటే వీధంతా రచ్చ చేస్తుంది. ఫండులో లాభమొచ్చినా నష్టమొచ్చినా ఏటా కోసుకునేదాన్ని మాత్రం ఎవడూ అడగడు. 2013 నుంచి దాదాపు ప్రతి ఫండుకూ మధ్యవర్తి కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్ ఉంది, ఈ సంగతి మెల్లగా చెప్పండి. నెలకు ఐదు వేలు, పాతికేళ్లు కట్టారనుకోండి, మొత్తం పదిహేను లక్షలు. ఏటా 12 శాతం వస్తే (వస్తుందని హామీ ఏమీ లేదు, లెక్క కోసం) దాదాపు 95 లక్షలు. అందులో ఒక్క శాతం ఖర్చు కింద పోయి 11 వస్తే 80 లక్షల లోపే. ఒక్క శాతమే కదా అని వదిలేసింది, పాతికేళ్లు మీరు కట్టిన సొమ్మంత!

యాన్యుటీ సంగతి మా టీచరు మిత్రుడు విప్పి చెప్పాడు. 2004 సెప్టెంబరు తర్వాత చేరినవాడు, సీపీఎస్ అనే వాటా పెన్షను పథకం కింద జీతంలో పది శాతం కోత. దిగిపోయే రోజు పోగైన దాంట్లో కనీసం 40 శాతం బీమా కంపెనీకి అప్పజెప్పి, దాన్నే నెలకింతగా తెచ్చుకోవాలి, వచ్చిన దాన్ని ఆదాయంలో కలిపి పన్ను లెక్క చూపాలి. తన తర్వాత ఆ అసలు సొమ్ము వారసులకు తిరిగి రావాలంటే నెలనెలా వచ్చేది తగ్గుతుంది.

"అంటే భూమి కొడుక్కు రాసిచ్చి నెలకిన్ని బియ్యం అడుక్కున్నట్టు" అన్నాడు మామ.

ఇప్పుడాయన కన్ను నా మీద పడింది. "అల్లుడా, నీ బాండు పట్టుకరా, లెక్క జూద్దాం" అని రోజూ ఫోన్. బీరువా తాళంచెవి దొరకడం లేదని చెబుతున్నాను.