బాబాయ్, మీ చెయ్యి కనబడుతోంది

“నా చేతులతో, మా ఇంటి గ్యారేజీలో, రెండేళ్ల తపస్సు.” బెజవాడలో మా వీధి పెద్దమనిషి ఒకాయన ఫేస్‌బుక్‌లో పెట్టిన ఫోటో కింద ఉన్న మాటలివి. ఫోటోలో 1948 నాటి ఎంజీ టీసీ స్పోర్ట్స్ కారు, మొహం చూసుకోవచ్చు అన్నంత నిగనిగగా ఉంది. దాని రేడియేటర్ మీద మోచెయ్యి ఆనించి ఆయన. ఒంటి మీద ఆప్రాన్, దాని మడతలు ఇంకా విడలేదు. చేతిలో పానా. కింద వరస పెట్టి అభినందనలు. “హ్యాట్సాఫ్ సర్”, “మీ ఓపికకి దండం”, “ఈ తరానికి మీరే ఆదర్శం”. ఒకాయన ఏకంగా “అపర విశ్వకర్మ” అనేశాడు.

ఆ విశ్వకర్మ దగ్గరే నాకు ఒళ్లు మండింది. మండినా మర్యాద తప్పకూడదు కాబట్టి నన్ను నేనే ఏకసభ్య కమిషన్‌గా నియమించుకున్నాను. విచారణాంశం ఒక్కటే: సదరు ఫోటో కింద పేర్కొన్న చేతులు ఎవరివి?

ముందు ఘటనా స్థలం. ఇంటి పక్క సందు మీద రేకులు దించి, లోపల తెల్ల టైల్సు పరిచి, ఏసీ బిగించి దానికి గ్యారేజీ అని పేరు పెట్టారు. పంతులుగారిని పిలిచి కొబ్బరికాయ కొట్టించారు, గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టారు. గోడకి చిల్లుల బోర్డు, బోర్డు మీద సైజుల వారీగా కొత్త పానాలు, ప్రతి పానా వెనక దాని ఆకారం నల్ల పెయింటుతో గీసి ఉంది. ఏ పానా ఎక్కడికి పోయిందో ఇట్టే తెలిసిపోవాలని. రెండేళ్లలో ఒక్కటీ ఎక్కడికీ పోలేదు. ఎందుకు పోలేదో చెబుతాను, కమిషన్‌కి దొరికిన మొదటి సాక్ష్యం అదే.

ఈ కారు ఇంజన్ మోరిస్ కంపెనీది. ఆ కంపెనీ 1923లో ఇంగ్లండులోని కోవెంట్రీలో హాచ్‌కిస్ అనే ఫ్రెంచివాళ్ల ఇంజన్ ఫ్యాక్టరీ కొనేసింది. మిషన్లు ఫ్రెంచివి కాబట్టి బోల్టు మర మిల్లీమీటర్లలో వస్తుంది. ఇంగ్లీషు మెకానిక్కుల దగ్గరున్న పానాలు విట్‌వర్త్ అనే పాత ఇంగ్లీషు అంగుళాల కొలతవి కాబట్టి బోల్టు తల మాత్రం ఆ కొలతలోనే చేశారు. ఆ అలవాటు టీసీలో ఉన్న 1250 సీసీ ఇంజన్ దాకా వచ్చింది. అంటే మర ఫ్రెంచి, తల ఇంగ్లీషు. గోడ మీదున్నవి అన్నీ మిల్లీమీటర్ల పానాలు. ఆ ఇంజన్ బోల్టు తలకి వాటిలో ఏ ఒక్కటీ సరిగ్గా పట్టదు. ఒకటి లూజు, పైది ఇంకా లూజు, కిందది అసలు ఎక్కదు. వాటితో రెండేళ్లు తపస్సు చేశారంటే అది నిజంగా తపస్సే, ఒప్పుకుంటాను.

మరి బోల్టులు ఎవరు విప్పారు? ఆటోనగర్ నుంచి పొద్దున్నే టీవీఎస్ ఫిఫ్టీ మీద వచ్చే మేస్త్రీ. ఆయన గోనెసంచిలో నల్లబడిన విట్‌వర్త్ పానాలు ఉన్నాయి. వాళ్ల నాన్న బ్రిటిష్ లారీల మీద పని నేర్చుకున్న నాటివి. వాటి వెనక గోడ మీద ఎవరూ బొమ్మ గీయలేదు.

ఈ కారు బాడీ సంగతి తెలిస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. పైకి కనిపించేది రేకే గానీ లోపల అస్థిపంజరమంతా కర్ర. ఆష్ అనే ఇంగ్లండు చెట్టు కర్రతో చట్రం కట్టి దాని మీద రేకు కొట్టేవారు. మన పెద్దమనిషి కొన్నప్పటికి ఆ కర్రలో సగం చెదలు తినేశాయి. ఆటోనగర్‌లో లారీలకి బాడీలు కట్టే వడ్రంగి ఒకాయన వచ్చి, చెదలు మిగిల్చిన ముక్కల్ని ప్లైవుడ్ మీద పరిచి, లేని భాగాన్ని ఉన్నదాన్ని బట్టి ఊహించి గీశాడు. ఎడమ పక్క పూర్తిగా పోయింది కాబట్టి కుడి పక్కని తిరగేసి తీశాడు. టేకు వేద్దామా సార్, వందేళ్లుంటుంది అని అడిగితే పెద్దమనిషి చెవులు మూసుకున్నంత పని చేశారు. ఒరిజినాలిటీ పోతుందట! ఆష్ కర్ర ఓడ మీద వచ్చింది. కర్ర మాత్రం పరాయిది వేస్తే కారు మైలపడిపోతుంది. దాన్ని కోసి చిత్రిక పట్టే చెయ్యి ఆటోనగర్‌దైనా ఫరవాలేదు, అదెలాగూ ఫోటోలో పడదు.

చక్రాలు స్పోకులవి. బుల్లెట్ బండ్ల రిమ్ములకు బెండు తీసే కుర్రాడు వాటిని సరిచేశాడు. టీసీలో కరెంటు వ్యవహారం తిరకాసు, బ్యాటరీ ప్లస్సు తీగని బాడీకి కలపాలి. ఆ సంగతి కనిపెట్టి కొత్త వైరింగ్ తగలబడకుండా కాపాడింది ఇంకొకాయన. వీళ్లందరి గురించీ రాస్తూ పోతే కమిషన్ గడువు పొడిగించాల్సి వస్తుంది. అసలు సాక్ష్యానికి వస్తాను.

బోల్టు విప్పే వీడియో. చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. తుప్పు పట్టిన బోల్టు, దానితో పెద్దమనిషి పోరాటం, పళ్లు బిగించడం, చివరికి బోల్టు లొంగిపోవడం, వెనక వీరరస సంగీతం. నలభై సెకన్ల వీడియోకి ఒక ఆదివారం మొత్తం పట్టింది. మాది ఎదురిల్లు. వరండాలో కుర్చీ వేసుకుని ఆసాంతం చూశాను.

నిజానికి ఆ బోల్టు అంతకు ముందు శుక్రవారమే ఊడింది. మేస్త్రీ దానికి రెండు రోజులు డీజిల్ తాగించి, గ్యాస్ మంటతో వేడి చేసి, ముందు కాస్త బిగించి, తర్వాత కాస్త వదిలి, మళ్లీ బిగించి, అలా బుజ్జగించి తీశాడు. ఆదివారం దాన్ని మళ్లీ యథాస్థానంలో పెట్టారు. శుభ్రం చేసేశారు కదా, మరి తుప్పు ఏదీ? ఇటుక పొడి తడిపి పూశారు. కెమెరా మేనల్లుడిది. “మామయ్యా, మొహం మరీ ఫ్రెష్‌గా ఉంది” అన్నాడు. ఇస్త్రీకి వాడే సీసాతో నుదుటి మీద నీళ్లు కొట్టారు. బుగ్గకి గ్రీజు రాయాలన్నాడు. “ఎడమ బుగ్గకి రాయండి, కెమెరా అటే ఉంది” అని లోపలి నుంచి వాళ్లావిడ సలహా. వెంటనే సందేహం కూడా ఆవిడదే: “సబ్బుకి పోతుందా మేస్త్రీ?” మేస్త్రీ ఏం చెబుతాడు? తన మోచేతుల దాకా చూసుకుని “పోద్దమ్మా” అన్నాడు.

మొదటి టేకు. పెద్దమనిషి పానా ఆనించీ ఆనించకముందే బోల్టు ఊడి టైల్సు మీద టంగుమని పడింది. వేళ్లతో బిగించి వదిలేశారు పాపం. రెండో టేకుకి మేస్త్రీ గట్టిగా బిగించాడు. ఈసారి నిజంగానే కదల్లేదు. గోడ మీది పానా కదా, జారి ఆయన వేలి కణుపు గీరుకుంది. డెట్టాల్ వచ్చింది, బ్యాండ్ ఎయిడ్ వచ్చింది, బత్తాయి రసం వచ్చింది. బ్యాండ్ ఎయిడ్ తీయొద్దు మామయ్యా, లుక్ బావుంది అన్నాడు మేనల్లుడు. మూడో టేకుకి శాశ్వత పరిష్కారం కనిపెట్టారు. మేస్త్రీ కారు కింద వెల్లకిలా పడుకుని, అవతలి వైపు నుంచి తన పానాకి ఇనప గొట్టం తొడిగి తిప్పుతాడు. పైన పెద్దమనిషి తన పానాని ఊరికే ఆనించి ఉంచుతారు, అదే తిరుగుతుంది. అంతా సిద్ధం. మేనల్లుడు ఫోన్ లోంచి చూసి అన్నాడు:

“బాబాయ్, మీ చెయ్యి కనబడుతోంది. తీసెయ్యండి.”

“తీసేస్తే బోల్టు తిరగదు బాబూ.”

“తిరగక్కర్లేదు. మామయ్య తిప్పుతున్నట్టుంటే చాలు, సౌండ్ తర్వాత వేసుకుంటాం.”

మేస్త్రీ చెయ్యి తీసేశాడు. ఆ వీడియోకి కూడా వచ్చాయి దండాలూ, విశ్వకర్మలూ.

తర్వాత హైదరాబాద్‌లో ఒక ర్యాలీకి కారుని ట్రక్కు మీద తీసుకెళ్లారు. దారిలో ఏమైనా అయితే అని మేస్త్రీని కూడా అదే ట్రక్కులో తీసుకెళ్లారు. లోపలికి వెళ్లడానికి పాసులు మాత్రం కుటుంబ సభ్యులకే. జడ్జి వచ్చి కార్బురేటర్ల డాష్‌పాట్లలో ఏ ఆయిల్ పోశారని అడిగితే పెద్దమనిషి హుందాగా “ఇంపోర్టెడ్” అన్నారు. ఏ రకం అని జడ్జి మళ్లీ అడిగాడు. ఆయన తాడు అవతల నిలబడ్డ మేస్త్రీ వైపు చూశారు. మేస్త్రీ అక్కణ్ణుంచే “పల్చటిదండీ, కుట్టు మిషను నూనె లాంటిది” అని అరిచాడు. జనం నవ్వారు. మేస్త్రీని చూసి నవ్వారు. ట్రోఫీ వచ్చింది.

ఇంతవరకూ నేనూ నవ్వుతూనే రాశాను. పెయింటు దగ్గర మాత్రం నా వల్ల కాదు.

ఆ రంగు ఉత్తినే రాలేదు. ముందు టింకరింగ్ ఆయన ముందు మడ్‌గార్డుల్ని కొత్త రేకుతో చేశాడు. ఇవతల డాలీ అనే ఇనప దిమ్మ ఆనించి అవతల సుత్తితో చిన్న చిన్న దెబ్బలు, ఆపి అరచేతి కింద పల్చటి గుడ్డ పెట్టుకుని, కళ్లు మూసుకుని రేకంతా నిమరడం, ఎక్కడో ఆగడం, మళ్లీ రెండు దెబ్బలు. కంటికి కనిపించని ఎత్తుపల్లాలు ఆ చేతికి తెలుస్తాయి. లప్పం పూసి దాచెయ్యడం ఆయనకి చిన్నతనం. ఆ తర్వాత పెయింటరు. రెండు డబ్బాలు కలిపి కొట్టే ఆ రంగులో గట్టిపడటానికి వేసే మందులో ఐసోసయనేట్లు ఉంటాయి. ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్తమా వస్తుంది, ఒకసారి ఒంటికి పడకుండా పోతే తర్వాత కాస్త వాసన తగిలినా ఆయాసమే. ఈ సంగతి డబ్బా మీదే రాసి ఉంటుంది. పెద్దమనిషికి ఇంగ్లీషు బాగా వచ్చు. ఆయన దగ్గర రెండు ఫిల్టర్ల మాస్కు కూడా ఉంది. ప్రొఫైల్ ఫోటోలో అదే పెట్టుకున్నారు, నుదుటి మీదకి తోసి. ఆ మాస్కు మేకుకి వేలాడుతుండగా, దాని పక్కనే, తలుపులు మూసేసిన ఆ గదిలో, పెయింటరు తడి తువ్వాలు ముక్కుకి చుట్టుకుని నాలుగు పొరలు రంగు కొట్టాడు. ఒక్క మాట, “ఇది పెట్టుకోవయ్యా” అని ఒక్క మాట అనడానికి నోరు రాలేదా? గ్రిల్లు మీద అతికించే ఎనిమిది మూలల బ్యాడ్జి ఇంగ్లండు నుంచి తెప్పించడానికి కొరియర్ వాడు అడిగినంతా ఇచ్చారు కదా, అతని ఊపిరి ఆ బ్యాడ్జి పాటి చెయ్యదా?

సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఇక్కడ సొమ్మూ సోకూ రెండూ ఆయనవే, దానికి నాకేమీ అభ్యంతరం లేదు. డబ్బు పెట్టాను, మంచి పనివాళ్లని పట్టాను, పాత కారు బతికింది అని రాస్తే నేనే ముందు లైకు కొట్టేవాణ్ణి. చెమట కూడా నాదే అన్నారు చూడండి, దాన్ని మా వైపు దొంగతనం అంటారు.

చట్టం దగ్గరకి వెళ్దామా అంటే అక్కడా ఇంతే. యాభై ఏళ్లు దాటిన బండ్లని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చని కేంద్రం 2021లో రూలు తెచ్చింది. ఇరవై వేలు కడితే నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి, పదేళ్లు చెల్లుతుంది. ఛాసిస్, బాడీ, ఇంజన్ల స్వరూపం మార్చకూడదు. రోజూ రోడ్డెక్కకూడదు. యజమాని పేరు, ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు, అన్నీ అడుగుతారు. బాగుచేసిందెవరని ఎవరూ అడగరు.

కమిషన్ సిఫార్సులు సుదీర్ఘంగా ఉన్నాయి, అమలు కావని తెలుసు కాబట్టి ఇక్కడ రాయడం లేదు. ఒక్కటి మాత్రం అత్యవసరం. పెద్దమనిషి మొన్న మేస్త్రీకి ఫోన్ చేశారట, మద్రాసులో తయారైన పాత స్టాండర్డ్ హెరాల్డ్ ఒకటి చూశాను, ఈసారి ఇంకా పెద్దగా చేద్దాం అని. మేస్త్రీ మెత్తని మనిషి, సరేనండీ అన్నాడు. అయ్యా, హెరాల్డ్ దిగేలోపు పెయింటరు బాకీ తీర్చండి. “ఫినిషింగ్ చూసి ఇస్తా”నని ఆపారు, ఫినిషింగ్‌కి ట్రోఫీ కూడా వచ్చేసింది. అతని ఫోన్‌పే స్కానర్ షెడ్డు గోడ మీదే అంటించి ఉంది, కొట్టడానికి పానా అక్కర్లేదు.