మోసంబి గారూ, మీ పేరులో సగం నిజమే

మహారాజశ్రీ మోసంబి గారికి,

నల్లగొండ నుంచి నమస్కరించి రాయునది. ఇవాళ మధ్యాహ్నం తమరు ఫోన్ యాప్‌లో 'స్వీట్ లైమ్' అనే మారుపేరుతో దర్శనమిచ్చారు. కిలో కావాలని నొక్కితే నిమ్మకాయలు దిగాయి. ఫిర్యాదు చేస్తే గంటసేపు పాట వినిపించి, "లైమ్ అంటే నిమ్మే కదా సార్" అన్నారు. కాదనలేం. తప్పంతా తమరి నామధేయానిది.

తమరు నిమ్మ కాదు, తీపి నారింజ. మొజాంబిక్ పేరు మోస్తున్నారు, మొయ్యండి. కానీ మా తోటల్లో ఎక్కువగా కాసేది తమరు కాదు, సాత్‌గుడి అనే ఇంకో తీపి నారింజ రకం. అసలు మోసంబికి తొక్క మీద నిలువు గాళ్లుంటాయి, తొడిమకు ఎదురు కొనన గుండ్రటి వలయం ఉంటుంది. సాత్‌గుడి నున్నగా, బంతిలా ఉంటుంది. చేత్తో తడిమితే తెలిసే తేడా. బండెక్కి గ్లాసులోకి దిగేసరికి రెండూ తమరే!

లైమ్ అనే పేరు ఒక్కచోట మాత్రం నిజమయ్యే ప్రమాదముంది. రంగపూర్ నిమ్మ మొలక మీద, నేలకు జానెడు ఎత్తున సాత్‌గుడి కన్ను పెట్టి అంటు కడతారు. నాటేటప్పుడు అంటు మట్టిలో మునగొద్దు, మునిగితే మొదలు కుళ్లుతుంది. అంటు కింద పుట్టే పిలకల్ని ఎప్పటికప్పుడు గిల్లెయ్యాలి. వదిలేస్తే పైకొమ్మ నీరసపడి కిందిదే చెట్టవుతుంది. నాలుగైదేండ్లు నీళ్లు పోసినంక చేతికొచ్చేది పుల్లకాయ. ఇంతా చేసి ఆ రంగపూర్ నిమ్మ కూడా నిమ్మ కాదు! కమలాకూ మాదీఫలానికీ పుట్టిన సంకరం.

తమరి జట్టు పెద్దదే. పాలపిట్ట పాలివ్వదు. దాని ఈకలు తరిగి గడ్డిలో కలిపితే ఆవు ఎక్కువ పాలిస్తుందని ఎవరో నమ్మిన పాపానికి ఆ పేరు. గిన్నె కోడికి గిన్నెతో పనిలేదు, ఆఫ్రికాలోని గినీ తీరం మన నోట్లో పడి గిన్నె అయింది. టర్కీ కోడిది మెక్సికో దిక్కు. టర్కీ వాళ్లేమో దాన్ని 'హింది' అని మన మీదికి తోశారు. బాలానగర్ సీతాఫలం తింటూ సీతమ్మను తలుచుకుంటాం గానీ, ఆ చెట్టు అమెరికా ఖండం నుంచి దిగింది.

వాటినంటే క్షమిస్తం. నిన్ను కాదు. బోర్లు ఎండి, ట్యాంకర్లతోని నీళ్లు పోసి కాపాడుకున్న చెట్టు మాది. మార్కెట్ల తరుగు తీసేది మా కాయకు. జ్యూస్ సెంటర్ బోర్డు మీద పేరు మాత్రం నీదా? మొజాంబిక్ నుంచి ఎవడన్న వచ్చి ఒక్క పాదు తవ్విండా? నీ పేరుల మొదటి రెండక్షరాలు చాలు, నువ్వేందో చెప్పనీకి. మాది బత్తాయి. బత్తాయి అనాలె!

...అని గట్టిగ అరుద్దామంటే, ఆ బత్తాయి కూడా బటేవియా నుంచి వచ్చిన మాటేనాయె. బటేవియా అంటే ఇప్పటి జకార్తా. నల్లగొండ ఎక్కడా లేదు.

సరే తియ్. దవాఖానల పడ్డోళ్లను చూడబోతే చేతిలో నువ్వే ఉండాలె, జరమొస్తే నోటికి నువ్వే సహించాలె. రేపు బండి కాడ "బత్తాయి రసం" అంటే పిల్లగాడు తెల్లమొకం వేస్తడు.

ఒక మోసంబి, ఐసు లేకుండ.

ఇట్లు,
నిమ్మకాయలు ఏం చేసుకోవాల్నో తెల్వని నల్లగొండ వాసి