ఎలాగూ దించుతున్నాం కదా సార్!

మన దేశంలో మోటారు వాహనాల మరమ్మతు అనే మోటు వృత్తి నెమ్మదిగా అంతరిస్తోందనీ, దాని స్థానంలో 'మొత్తం మార్చుట' అనే నాగరిక శాస్త్రం వెలసిందనీ పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. ఇంకా అనుభవం కానివారు ఎవరైనా ఉంటే, వయసు మళ్లిన బండి ఒకదాన్ని అద్దాల గోడలున్న ఏ సర్వీసు సెంటరుకైనా తోలుకుపోతే చాలు. అక్కడ ఇచ్చే కాఫీ చల్లారేలోగా జ్ఞానోదయమవుతుంది.

నా దగ్గర 2007 నాటి డీజిల్ ఎస్‌యూవీ ఒకటి ఉంది. దాని పేరు చెప్పను. చెబితే మీ మేనమామకూ అలాంటిదే ఉండేదనీ, పిల్లాజెల్లా కలిపి పద్నాలుగురు అందులో తిరుపతి వెళ్లొచ్చారనీ మీరు మొదలుపెడతారు. ఛాసిస్ వేరు, బాడీ వేరుగా కట్టిన కాలపు బండి అని మాత్రం తెలుసుకుంటే చాలు. దానికి వచ్చిన జబ్బు బహు చిన్నది. తాళం తిప్పితే 'టక్' మని ఊరుకునేది. కిందికి వంగి, ఇంజనును తిప్పి లేపే సెల్ఫ్ మోటారు మీద పానాతో రెండు దెబ్బలు వేస్తే బుద్ధిగా స్టార్టయ్యేది. పాత డీజిల్ బండితో కాపురం చేసినవారికి దీని అర్థం తెలుసు. మోటారు లోపల తిరుగుతూ కరెంటు అందుకునే కమ్యూటేటరు అనే రాగి భాగాన్ని ఒరుసుకుంటూ ఉండే కార్బన్ బ్రష్షులు అరిగిపోయాయి. దెబ్బ తగిలితే అవి కాస్త కదిలి కమ్యూటేటరును అంటుకుంటాయి, కరెంటు పారుతుంది, మోటారు తిరుగుతుంది. కాబట్టి మార్చవలసినవి నాలుగు నల్లని బొగ్గు ముక్కలు.

ఈ సంగతిని సర్వీసు సెంటరులో ట్యాబు పట్టుకుని నిలబడిన కుర్రవాడికి విన్నవించాను. అతడు బానెట్టు ఎత్తలేదు. ఈ శాస్త్రంలో రోగిని చూడడం అనాచారం. "బ్రష్షులు విడిగా రావు సార్, మోటారు మొత్తం మార్చాలి" అన్నాడు. సరేననబోయాను. ఇంతలో అతడికి మరో సత్యం స్ఫురించింది. సెల్ఫ్ మోటారు కొసన ఉండే పినియన్ అనే చిన్న పళ్ల చక్రం వెళ్లి పట్టుకునేది, ఇంజను వెనక తిరిగే ఫ్లైవీలు అనే బరువు చక్రం చుట్టూ ఉన్న రింగు పళ్లను కాబట్టి, కొత్త మోటారు వేసి పాత పళ్లు ఉంచడం క్షేమం కాదట. పళ్లు చూడాలంటే గేరుబాక్సు దించాలి. ఎలాగూ దించుతున్నాం కదా సార్, క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు వేసేద్దాం. ఎలాగూ క్లచ్ విప్పుతున్నాం కదా సార్, ఇంజను వెనుక ఆయిల్ సీలు కూడా మార్చేద్దాం. గేరుబాక్సు దించాలంటే ప్రొపెల్లర్ షాఫ్టు ఊడదీయాలి, ఎలాగూ ఊడదీస్తున్నాం కదా సార్, జాయింటు క్రాసులు కొత్తవి వేద్దాం. గేరు ఆయిలు ఎలాగూ పారబోస్తాం కదా సార్, వెనక హౌసింగు ఆయిలు మాత్రం ఏం పాపం చేసింది?

ఆ విధంగా నాలుగు బొగ్గు ముక్కల దగ్గర బయలుదేరిన ఎస్టిమేటు బండి పొడవునా ప్రయాణించి, వెనక బంపరు దగ్గర ఒక్క క్షణం ఆగి, అక్కడ ఇక దించడానికేమీ లేకపోవడంతో తిరుగు ప్రయాణంలో ఇంజను మౌంటింగులనూ రేడియేటరు గొట్టాలనూ కలుపుకుంది. మొత్తం కూడి చూస్తే బండి ధరను దాటింది. సరిగ్గా ఆ ముహూర్తానికి, ఎవరూ పిలవకుండానే, టై కట్టుకున్న మరో కుర్రవాడు ప్రత్యక్షమై "ఎలాగూ ఇంత పెడుతున్నారు కదా సార్, ఇంకాస్త వేసుకుంటే కొత్త బండే వస్తుంది" అని ఎక్స్చేంజి ఆఫరు కాగితం నా చేతిలో పెట్టాడు. ఆ సమన్వయానికి ముచ్చటేసింది. మన ప్రభుత్వ శాఖల మధ్య ఇందులో పదో వంతు ఉన్నా దేశం బాగుపడేది.

బ్రష్షులు విజయవాడ ఆటోనగర్‌లో దొరికాయి. అక్కడి దుకాణంలో పెద్దాయన నేను తీసుకెళ్లిన అరిగిన బ్రష్షును వేళ్ల మధ్య ఒకసారి తిప్పి చూసి, డబ్బాలోంచి సెట్టు తీసి కౌంటరు మీద పెట్టాడు. ట్యాబూ లేదు, కాఫీ లేదు. సినిమా హాల్లో పాప్‌కార్న్ కొనేంత డబ్బు కూడా కాలేదు.

ఇంటి దగ్గర పని అంతకన్నా సులువు. ముందుగా బ్యాటరీ నెగటివ్ వైరు విప్పాలి. ఇది మరిచినవాడికి పానా చివర నిప్పురవ్వలే గుర్తుచేస్తాయి. చక్రాలకు అడ్డం పెట్టి, బండిని జాకీ మీద లేపి, స్టాండ్లు వేశాకే కిందికి దూరాలి. జాకీని నమ్మి దూరేవాడికి సలహా ఇచ్చి ప్రయోజనం లేదు. మోటారును పట్టుకుని ఉన్న బోల్టులు విప్పి కిందికి దించి, వెనక మూత తీసి, పాత బ్రష్షులు ఊడదీసి, కమ్యూటేటరు మీది మసిని సన్నటి ఉప్పు కాగితంతో తుడిచి, కొత్తవి పెట్టి, స్ప్రింగుల కింద అవి ఇరుక్కోకుండా ఆడుతున్నాయో లేదో చూసుకుని, మళ్లీ బిగించాలి. గేరుబాక్సు ఎక్కడిదక్కడే ఉంటుంది. బండి ఒక్క తిప్పుకు స్టార్టయింది, ఇప్పటికీ అవుతోంది.

ఈ ఘోరాన్ని చూసిన మా అపార్టుమెంటు కార్యదర్శిగారు సెల్లారులో వాహనాలకు వైద్యం చేయరాదని నోటీసు అంటించారు. ఒక్క చుక్క ఆయిలు కారలేదన్నా వినలేదు. అదే సెల్లారులో లీకైన పైపు నీటిలో పెరుగుతున్న దోమల గురించి మాత్రం నోటీసు లేదు. ఆయనను వదిలేద్దాం.

వదలకూడనిది మరొకటుంది. విడి భాగాలను, మరమ్మతు పుస్తకాలను, తప్పులు పట్టే స్కానర్లను బయటి మెకానిక్కులకు అందకుండా చేస్తున్నారని 2014 ఆగస్టులో, వ్యాపారాల్లో పోటీ సక్రమంగా సాగుతోందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలను తప్పుపట్టి, రమారమి 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. వెంటనే అప్పీళ్లు మొదలయ్యాయి. 2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, కేంద్రం మరమ్మతు హక్కు పేరుతో ఒక పోర్టల్ ప్రారంభించింది. అందులో వాహనాలూ ఉన్నాయి. చట్టం మాత్రం లేదు. కాబట్టి హక్కు ఉంది, బ్రష్షు లేదు.

కోపం వచ్చేది డబ్బు గురించి కాదు. చెవి ఆనించి చప్పుడు విని బేరింగు పోయిందో గేరు పన్ను పోయిందో చెప్పగల మేస్త్రీలు, కాలిపోయిన మోటారుకు మళ్లీ తీగ చుట్టగలిగినవాళ్లు, జీవితమంతా గ్రీజులో గడిపి ఆ విద్య నేర్చుకున్నారు. వాళ్ల చేతికి పుస్తకం ఇవ్వరు, స్కానరు ఇవ్వరు, సామాను అమ్మరు. అన్నీ దాచేసి, ఆ పైన "లోకల్‌గా చేయిస్తే గ్యారంటీ ఉండదు సార్" అని మూతి విరుస్తారు. బానెట్టు ఎత్తడం చేతకానివాడు ఆ మేస్త్రీలకు చేతకాదనడానికి సిగ్గుండాలి. బాగుచేస్తే మరో పదేళ్లు తిరిగే యంత్రాన్ని తుక్కు చేయించి, కొత్త ఇనుమూ కొత్త రబ్బరూ అమ్ముకుని, దానికి పర్యావరణం అని పేరు పెట్టడానికి ఇంకా ఎక్కువ సిగ్గుండాలి.

ప్రభుత్వం తన వంతు తాను చేస్తూనే ఉంది. 15 ఏళ్లు నిండిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ రుసుము 600 రూపాయల నుంచి 2022 ఏప్రిల్‌లో 5,000 అయింది. 20 ఏళ్లు దాటితే 10,000 అని 2025లో నిర్ణయించారు. నా బండికి ఆ వయసు 2027లో వస్తుంది. కడతాను. రుసుము పుచ్చుకునే ప్రభుత్వం ఆ బండిని తయారుచేసిన కంపెనీ చేత నాలుగు బ్రష్షులను విడిగా అమ్మించాలి. కుదరదంటే, ఏ కారణం చేత కుదరదో రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ కాగితం మీద ట్యాబు కుర్రవాడు కాకుండా, ఆ నిర్ణయం తీసుకున్న పెద్దమనిషే సంతకం పెట్టాలి.