ఆరు రోజుల దగ్గరే ఆగిపోదామా?

(యూత్ మీటింగ్‌లో బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండము, అందులో మొదటి పదకొండు అధ్యాయాలు ఎలా చెప్పాలి అన్నదాని మీద వాదన ఇది. బాబాయ్ సంఘ పెద్ద, అమ్మాయి సండే స్కూల్ టీచర్, ఆయన అన్న కూతురు. నా మనసు చాలావరకు అమ్మాయి వైపే ఉంది, అయినా బాబాయ్ మాటల్లో బలం ఎక్కడా తగ్గించి రాయలేదు.)

బాబాయ్: ముందు పునాది గట్టిగా ఉండాలమ్మా. ఆరు రోజులంటే ఆరు రోజులే, ప్రతి దినానికీ అస్తమయము ఉదయము అని రాసుంది కదా, విశ్రాంతి దినం ఆజ్ఞ ఇచ్చినప్పుడు నిర్గమకాండము 20:11లో కూడా దేవుడు అదే కారణం చెప్పాడు. మన పిల్లలు కాలేజీకెళ్లి ఇదంతా కట్టుకథ అని వింటే రేపు సిలువ కూడా కథే అనుకుంటారు, అదే నా భయం.

అమ్మాయి: కానీ పిల్లలు అడిగేదేంటి బాబాయ్, సూర్యుణ్ణి నాలుగో రోజు చేస్తే మొదటి మూడు రోజులకి సాయంత్రం, పొద్దున ఎక్కడివి అని. ఇది నాస్తికులు నేర్పిన ప్రశ్న కాదు, తొలినాటి సంఘ బోధకుడు అగస్టీను పదహారు వందల ఏళ్ల కిందటే దీనితో కుస్తీ పట్టాడు, దేవుడు అంతా ఒక్కసారే చేశాడు, మనకి అర్థమవ్వాలని రోజులుగా పేర్చి చెప్పాడు అన్నాడు. అప్పటికి డార్విన్ లేడు, బయాలజీ క్లాసు లేదు.

బాబాయ్: అదే అగస్టీను లోకం పుట్టి ఆరు వేల ఏళ్లు కూడా కాలేదన్నాడు, అది కూడా చెప్పు మరి. సరే రోజుల సంగతి పక్కన పెడదాం, ఆదాము మాటేంటి? రోమా 5లో పౌలు ఒక్క మనిషి వల్ల పాపం వచ్చింది, ఒక్క మనిషి వల్ల కృప వచ్చింది అని పక్కపక్కన పెట్టాడు, మొదటివాడు ఆదామును తీసేస్తే రెండోవాడు యేసు దేనికొచ్చినట్టు? మత్తయి 19లో విడాకుల గురించి అడిగితే యేసు ప్రభువే ఆదికాండము 1, 2 అధ్యాయాలు ఎత్తి జవాబిచ్చాడు.

అమ్మాయి: ఆదాము లేడని నేనెక్కడన్నాను? నా బాధ వేరే బాబాయ్. పోయినసారి సిరీస్ చేసినప్పుడు నోవహు ఓడ మూడొందల మూరల పొడవు, యాభై వెడల్పు, ముప్పై ఎత్తు అని బోర్డు మీద గీసి మరీ చెప్పారు, మెతూషెల 969 ఏళ్లు బతికాడన్న లెక్క చెప్పారు, తమ్ముణ్ణి చంపిన కయీను దగ్గరికొచ్చేసరికి టైమ్ అయిపోయింది, ఆదికాండము 1:27 మీద ఒక్క ముక్క చెప్పలేదు. దేవుని స్వరూపమందు నరుణ్ణి సృజించెను అని నోటికి అప్పజెప్పే పిల్లలే సంబంధాలు వచ్చేసరికి అవతలివాళ్ళది ఏ కులం అని అడుగుతున్నారు, వాళ్ళ అమ్మానాన్నలు బాప్తిస్మం సంగతి కన్నా ముందు అదే అడుగుతున్నారు కాబట్టి. ఆదాము నిజంగా ఉన్నాడని అందరికంటే గట్టిగా చెప్పేది మనమే, మరి ఆ ఒక్క ఆదాము పిల్లల్లో మన సంబంధాలకి పనికొచ్చేవాళ్ళు, పనికిరానివాళ్ళు ఎలా వచ్చారు?

బాబాయ్: ...అది తప్పే, కాదనను. కానీ చూశావా, నీ మాటకి బలం వచ్చింది కూడా ఆదాము నిజమైన మనిషి అయినందుకే. కార్యములు 17లో పౌలు ఏథెన్సులో చెప్పింది అదే, ఒకని నుండి ప్రతి జాతిని సృష్టించాడు అని. చరిత్ర వదిలేసి అన్వయింపు అంటూ పోతే ఎవడికి నచ్చింది వాడు చెప్తాడు, అమెరికాలో బానిసల యజమానులు చేసింది అదేగా, నోవహు తన కొడుకు హామును శపించాడు, నల్లవాళ్ళు హాము సంతానం, కాబట్టి బానిసలు అన్నారు. 9:25 చదివితే ఏముంది? శాపం హాము కొడుకు కనాను మీద, హాము మీద కాదు. ఉన్నది ఉన్నట్టు చదివుంటే ఆ పాపం చెయ్యడానికి వాక్యం అడ్డుపెట్టుకునేవాళ్ళు కాదు.

(ఇక్కడ బాబాయ్ మాట నిజంగా గట్టిది. అక్షరం జాగ్రత్తగా చదవడం అంటే మొండితనం అనుకునేవాళ్ళు దీనికి జవాబు ఆలోచించుకోవాలి.)

అమ్మాయి: ఒప్పుకుంటా. అయితే 3:16 కూడా ఉన్నది ఉన్నట్టు చదువుదాం. అతడు నిన్ను ఏలును అన్న మాట పాపం చేశాక వచ్చింది, మొదటి రెండు అధ్యాయాల్లో అది లేదు. దాని కిందే 3:18లో నేల ముండ్ల తుప్పలు మొలిపిస్తుంది అనుంది. మన చేలో కలుపు మొలిస్తే ఇది దేవుడు చెప్పింది అని వదిలేస్తున్నామా, కూలోళ్ళని పెట్టి తీయిస్తున్నాం, మందు కొడుతున్నాం. మరి మొగుడు కొట్టినా పడుండమ్మా వాక్యంలో ఉంది అని కౌన్సెలింగ్‌లో ఎందుకు చెప్తున్నారు? ఆ కలుపు మాత్రం పెంచుకోవాలా?

బాబాయ్: కొట్టమని నేనెప్పుడూ చెప్పలేదు. భార్యలు లోబడాలని ఎఫెసీ 5లో ఉంది, అది వేరే.

అమ్మాయి: నువ్వు చెప్పలేదు, చెప్పేవాళ్ళు ఉన్నారు, వాళ్ళు తెరిచేది ఈ వచనమే. ఎఫెసీ 5 తెరిస్తే భర్త ప్రాణం పెట్టాలని కూడా చదవాల్సొస్తుంది మరి. ఇంకోటి విను, 1847లో ఎడిన్‌బరోలో సింప్సన్ అనే డాక్టర్ కాన్పుల్లో క్లోరోఫామ్ వాడితే, వేదనతో పిల్లలను కందువు అనుంది కదా, నొప్పి తగ్గించడం దేవుడికి ఎదురెళ్ళడం అని ఎవరైనా అంటారేమోనని ఆయనే ఒక జవాబు రాశాడు. అందులో 2:21 చూపించాడు, దేవుడు ఆదాముకి గాఢనిద్ర కలగజేసి ఆ తర్వాతే పక్కటెముక తీశాడు కదా అని. శాపాన్ని ఆజ్ఞగా చదవొద్దని ఆయనకి అప్పుడే తెలుసు.

బాబాయ్: హ్మ్. అది నేను వినలేదు. సరే, నాలుగో అధ్యాయం నువ్వు చెప్పు, కానీ ఐదో అధ్యాయం వంశావళి దాటేయనివ్వను, లూకా 3లో యేసు వంశం ఆదాము దాకా వెళ్తుంది, పేర్లే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు.

అమ్మాయి: దాటేయను, నాకూ కావాలి. ఐదో అధ్యాయం మొదలయ్యేదే దేవుని పోలిక అన్న మాటతో, జలప్రళయం అయిపోయాక 9:6లో కూడా మనిషిని చంపొద్దనడానికి అదే కారణం. అంటే పాపం తర్వాత కూడా ఆ స్వరూపం లెక్కలోనే ఉంది. కయీను తమ్ముడికి నేను కావలివాడనా అన్నాడే, దాన్ని ఈ వరసలోనే పెట్టి చెప్తా, పెళ్ళిళ్ళ సంగతి కూడా తీస్తా.

బాబాయ్: పెళ్ళిళ్ళ మాట వద్దమ్మా, సంఘంలో గొడవలైపోతాయి. పెద్దవాళ్ళు నన్నొచ్చి అడుగుతారు.

అమ్మాయి: ఆ మాట లేకుండా 1:27 ఎలా చెప్పను బాబాయ్? నేను తీయకపోయినా పిల్లలే అడుగుతారు.

బాబాయ్: ...అడిగితే నువ్వు చెప్పొద్దు, నీ మీద పడతారు. నేనొచ్చి పక్కన కూర్చుంటా, కార్యములు 17 తెరిచి నేనే చెప్తా. రోజులు మాత్రం ఆరే, అది కూడా ఆ రోజే చెప్తా.

అమ్మాయి: చెప్పు బాబాయ్. ముందు కులం సంగతి చెప్పి, తర్వాత రోజుల సంగతి చెప్పు.