మూడున్నర అడుగుల మట్టి

మొన్న నగరం నడిబొడ్డున ఒక పాత సమాధుల తోటలో మా బంధువు ఒకరి భూస్థాపన జరిగింది. నిలబడడానికి చోటు లేక ఎవరివో సమాధుల మీద కాళ్ళు పెట్టి ప్రార్థన చేశాం. దానికోసమే మామయ్య ఊరి నుంచి హైదరాబాద్ వచ్చాడు. మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాక మా ఊరి సమాధుల తోట కమిటీకి ఆయనే పెద్ద. పాత తోట నిండిపోయింది. ఊరి చివర రెండెకరాలు ఇస్తామని, దాన్ని ఎలా నడుపుతారో రాసివ్వమని మున్సిపాలిటీ వాళ్ళు అడిగారు. నేను డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతాను. సాయంత్రం రామ్‌నగర్‌లో మా ఇంట్లో టీ తాగుతూ మాట మొదలైంది.

మామయ్య: చూశావు కదా బిడ్డా, ప్లాన్ లేకుండా వదిలేస్తే ఇలాగే అవుతుంది. కొత్త స్థలానికి ఈ గతి పట్టనివ్వను. ముందే లైన్లు కొట్టిస్తా. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, నాలుగు పక్కలా ఇటుక గోడ, పైన గ్రానైట్. మధ్యలో సీసీ రోడ్డు. ఒక్క గడ్డిపోచ మొలవదు.

నేను: ఆ గడ్డిపోచ మొలవదన్నదే నా భయం మామయ్యా. లెక్క వేసి చూడు. ఎకరమంటే 43,560 చదరపు అడుగులు, రెండెకరాలకు 87,120. దారులతో కలిపి ఒక్కో సమాధికి యాభై అడుగులు పోయినా 1,740 సమాధులు పడతాయి. ఏడాదికి అరవై భూస్థాపనలు అనుకో, 29 ఏళ్ళకు నిండిపోతుంది. మళ్ళీ ఎవరి గుమ్మం ముందు నిలబడతాం?

మామయ్య: అప్పటికి నేనుండను.

నేను: నా పిల్లలుంటారు.

మామయ్య: సరే, నువ్వేం చేయమంటావో చెప్పు.

నేను: శవం తొందరగా మట్టిలో కలిసిపోయేలా పెట్టే పద్ధతి ఒకటుంది, దాన్ని గ్రీన్ బరియల్ అంటున్నారు. 1993లో ఇంగ్లండ్‌లోని కార్లైల్‌లో కెన్ వెస్ట్ అనే ఆయన మొదలుపెట్టాడు. ఆయన కంపెనీ ఓనర్ కాదు, ఆ ఊరి కౌన్సిల్ శ్మశానాలు చూసే ఉద్యోగి, నీలాంటివాడే. సమాధిరాయికి బదులు చెట్టు నాటారు. 1998 నుంచి అమెరికాలో, సౌత్ కరోలినాలో రామ్సే క్రీక్ అనే చోట ఒక అడవినే ఇలా కాపాడుకుంటూ వస్తున్నారు. పద్ధతి చాలా మామూలుది. శవం పాడవకుండా ఉంచే ఫార్మలిన్ మందు ఎక్కించరు. వార్నిష్ కొట్టిన పెట్టె ఉండదు, నూలుబట్టలో చుడతారు, లేదా వెదురు పెట్టెలో పెడతారు. సిమెంటు గది కట్టరు. గొయ్యి లోతు మూడు, మూడున్నర అడుగులు, అంతే. ఎందుకంటే మట్టిలో గాలి ఆడేది, సూక్ష్మజీవులు బాగా పనిచేసేది పైపొరల్లోనే. ఆరడుగుల కింద, అదీ సిమెంటు గదిలో మూసేస్తే, గాలి తగలక ఏళ్ళ తరబడి అలా కుళ్ళుతూ ఉండాల్సిందే. పాస్టర్ గారు గుప్పెడు మన్ను వేసి మట్టి మట్టికే అంటారు కదా, ఆ మన్ను పడేది పెట్టె మూత మీద. శరీరానికి అంటనే అంటదు. భూస్థాపనప్పుడు నేను ఆ చప్పుడు విన్నాను మామయ్యా, ప్లైవుడ్ మీద గులకరాళ్ళు పడ్డ చప్పుడు. లోపల నైలాన్ లేసు, పాలిస్టర్ శాటిన్ దిండు. ఇవేవీ మనకు పాత అలవాట్లు కావు. మనూరి ఖబరస్తాన్‌లో కఫన్ చుట్టి నేరుగా మట్టిలోనే పెడతారు. లింగాయతులు కూర్చోబెట్టి పెడతారు. మన ఊళ్ళోనూ పెట్టెలు రాకముందు చాపలో చుట్టే పెట్టేవాళ్ళు. ఇంగ్లండ్ వాళ్ళు ఇప్పుడు మొదలుపెట్టింది మన తాతలు చేసిందే.

మామయ్య: చాపలో చుట్టింది పెట్టె కొనే స్తోమత లేక. అది మర్చిపోకు. సరే, నా ఉద్యోగం మాట చెబుతా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లోనే చెప్పింది, శ్మశానం తాగునీటి బావికి 250 మీటర్ల దూరంలో ఉండాలని. మనకిచ్చే స్థలానికి కాలనీ బోరు ఎంత దూరం? సిమెంటు ఉంటే కనీసం ఆపుతుంది.

నేను: ఏమీ ఆపదు, పగుళ్ళిస్తుంది. నువ్వు చెప్పిన ఆ కాగితంలోనే గొయ్యి అడుగుకూ భూగర్భజలానికీ మధ్య ఒక మీటరు మట్టి ఉండాలని కూడా ఉంది. ఆరడుగులు తవ్వితే నీళ్ళకు దగ్గరవుతామా, మూడున్నర తవ్వితేనా? దూరం సంగతి మాత్రం నిజమే, బోరు కొలవాల్సిందే.

మామయ్య: మూడున్నరకే ఆపితే కుక్కలు? వానాకాలంలో మట్టి మెత్తబడితే ఏం జరుగుతుందో నేను ఉద్యోగంలో కళ్ళారా చూశాను. ఆ ఇంటివాళ్ళకు నేను ముఖం చూపించలేకపోయా.

నేను: చిన్నప్పుడు మనూళ్ళో కొత్త బొంద మీద ఏం వేసేవాళ్ళు?

మామయ్య: తుమ్మకంప.

నేను: తవ్విన మట్టంతా మీదికే ఎత్తి, తుమ్మకంప కప్పి, చుట్టూ రాళ్ళు పేర్చేవాళ్ళు. ఏడాదికి మట్టి దిగేది, కంప ఎండి రాలిపోయేది. అంతకంటే మంచి పద్ధతి నాకూ తెలియదు. పైగా అది మొరం నేల. మే నెలలో ఆరడుగులు తవ్వాలంటే గడ్డపారకు నిప్పురవ్వలు రేగుతాయి. తవ్వేవాడిని ఒక్కసారి అడుగు.

మామయ్య: కంప బాగానే ఉంది. చెట్ల మాట వద్దు. వేర్లు సమాధులను లేపేస్తాయి.

నేను: అందుకేనా అమ్మమ్మ దగ్గరి వేపచెట్టు కొట్టించావు?

మామయ్య: అమ్మ సమాధి బీటలు వారింది. వేరు లోపలికి చొచ్చుకొచ్చింది.

నేను: అమ్మమ్మ ఆ చెట్టు నీడనే కూర్చుని తాతయ్యకు పూలు పెట్టేది. ఆమె బతికుంటే గొడ్డలి వేయనిచ్చేదా?

మామయ్య: మీ అమ్మను అడిగే కొట్టించా.

నేను: అమ్మ నాకు చెప్పలేదు.

మామయ్య: నీకూ చేశాను. నువ్వు ఫోన్ ఎత్తితే కదా.

నేను: ఆ దుంగ ఏమైంది?

మామయ్య: అమ్మాం. గేటుకు రంగు వేయించాం. నువ్వు సమాధుల పండుగకు వస్తే కనబడేది. ఎన్నేళ్ళయింది నువ్వు వచ్చి?

(నాలుగేళ్ళయింది. చెప్పలేదు.)

మామయ్య: నేనొకటి అడుగుతా, కోపం తెచ్చుకోకుండా విను. నిజాం దగ్గర పనిచేసిన ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి చూశావా, మలక్‌పేట వైపు? ఆయన పోయింది 1798లో. ఇవ్వాళ్టికీ పేరు చెబుతున్నాం, రాయి ఉంది కాబట్టి. మా తాత పోతే ఊరి బొందలగడ్డలోకి రానివ్వలేదు. వాగు ఒడ్డున పెట్టారు. మీద రాయి లేదు, నీ తుమ్మకంపే ఉంది. ఒక వానాకాలం వాగు పొంగి ఒడ్డే లేకుండా పోయింది. ఆయన ఎక్కడున్నాడో నాకు తెలియదు. మా నాన్న పోయినప్పుడు ఏడాది జీతంలో దాచి సమాధి కట్టించా. మన ఇంటిపేరు రాయి మీద ఎక్కింది అదే మొదటిసారి. పేరు లేకుండా మట్టిలో కలిసిపోవడం నీకు అందంగా కనబడుతోంది. మనవాళ్ళను తరతరాలుగా కలిపిందే అలా. ఇంకోటి. మట్టిదిబ్బలున్న చోటును జేసీబీ ఒక్క రాత్రిలో చదును చేస్తుంది. పొద్దున్నే ప్లాట్ల రాళ్ళుంటాయి. ఈ హైదరాబాద్ చుట్టుపక్కల శ్మశానాల హద్దులు ఎలా లోపలికి జరిగాయో నీకు తెలియంది కాదు. గ్రానైట్ మీద పేరుంటే కేసు పెట్టొచ్చు. చెట్టు ఎవరి పేరు చెబుతుంది?

నేను: ఇది నేను ఆలోచించలేదు మామయ్యా. తాత విషయం నాకెవరూ చెప్పలేదు.

మామయ్య: చెప్పుకునేది కాదు.

నేను: అయితే పేరు ఉండాలి. అందరికీ ఉండాలి, గ్రానైట్ కొనలేని వాళ్ళకు కూడా. ఇప్పుడున్న తోటలో డబ్బున్నవాళ్ళ పేర్లే కదా కనబడేది? వెనక వరసలో సిమెంటు కూడా లేని దిబ్బలు ఎవరివో నీ రిజిస్టర్‌లోనైనా ఉన్నాయా? ఒక్కొక్కరికి అడుగు చదరంలో తాండూరు బండ, నేలకు సమానంగా. అదే సైజు, అవే అక్షరాలు. గేటు దగ్గర ఒక గోడ, పేరు, తేదీ, వరస నంబరు. రిజిస్టర్ ఒక కాపీ మున్సిపాలిటీలో, ఒకటి చర్చిలో. కరీంనగర్ గుట్టలు కోసి తెచ్చిన పలకలతో మనం పోటీలు పడక్కర్లేదు.

మామయ్య: గ్రానైట్ వద్దంటే డబ్బున్నవాళ్ళు ఊరుకోరు.

నేను: ఊరుకోరు. కమిటీ పెద్దవి నువ్వు. నువ్వు చెబితే సగం మంది వింటారు.

మామయ్య: మరి నిండిపోతుందన్నావ్ కదా. మట్టయితే నిండదా?

నేను: సిమెంటు గది ఎప్పటికీ ఖాళీ కాదు. మట్టి ఖాళీ అవుతుంది. జర్మనీలో సమాధి స్థలాన్ని చాలా చోట్ల ఇరవై, ఇరవై అయిదేళ్ళకే ఇస్తారు. మనం 25 ఏళ్ళు అనుకుంటే ఏటా అరవై చొప్పున 1,500 చోట్లు చాలు. ఆ రెండెకరాలే తిరుగుతూ ఉంటాయి.

మామయ్య: అంటే ఒకరి బొక్కల మీద ఇంకొకరినా?

నేను: హైదరాబాద్‌లో చోటు దొరక్క ఇప్పటికే కుటుంబాలవాళ్ళు పాత గోరీలనే తెరుస్తున్నారు కదా.

మామయ్య: అది సొంత కుటుంబం. భర్త పక్కన భార్య. పరాయివాడు వేరే. ఈ మాట చెబితే మనవాళ్ళు ఒప్పుకోరు. నాకే మింగుడు పడటం లేదు.

నేను: అయితే అది రాయొద్దు. గది కట్టకుండా మట్టిలో పెడితే చాలు. పాతికేళ్ళ తర్వాత ఏం చేయాలో అప్పటివాళ్ళు చూసుకుంటారు. సిమెంటు పోస్తే వాళ్ళకు ఆ దారి కూడా ఉండదు.

మామయ్య: అది బాగుంది. అది రాయి. కానీ మొదటి లైను నాది. ముందు సర్వేయర్ రావాలి, హద్దురాళ్ళు పాతాలి, చుట్టూ ఆరడుగుల గోడ లేవాలి. అప్పటిదాకా ఒక్క మొక్క నాటేది లేదు.

నేను: రాస్తున్నా. గోడ లోపలి అంచు వెంట వేప, కానుగ. సమాధుల మధ్య మాత్రం తంగేడు.

మామయ్య: తంగేడు వేరు బండను లేపుతుందా?

నేను: అది పొదే కదా మామయ్యా, లేపదు. మొరంలో నీళ్ళు పోయకపోయినా బతుకుతుంది. బతుకమ్మకు ఊరివాళ్ళే వచ్చి పూలు కోసుకుంటారు.

మామయ్య: మనుషులు వస్తూ పోతూ ఉంటే కబ్జా కూడా కాదు. రాయి. లోతు మూడున్నర అని రాయి, పక్కన మొరం నేల అని కూడా రాయి, లేకపోతే ఇంజనీరు ఆరే ఉండాలంటాడు. పాత తోటలో ఏ సమాధినీ ముట్టుకోమని విడిగా ఒక లైను రాయి.

నేను: అమ్మమ్మ దగ్గర ఒక వేపమొక్క?

మామయ్య: సమాధికి పదడుగుల అవతల. నువ్వే వచ్చి నాటాలి.