పౌడర్ మారిస్తే గురి కుదురుతుందా?

డల్లాస్‌లోనో ఆస్టిన్‌లోనో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లలో కొందరికి రైఫిల్ షూటింగ్ పిచ్చి బాగానే పట్టుకుంది. శనివారం రేంజ్‌కి వెళ్లడం, ఆదివారం గరాజ్‌లో కూర్చుని తూటాల్లో పౌడర్, అంటే తుపాకీ మందు, సొంతంగా నింపుకోవడం, టార్గెట్ కాగితం ఫొటో తీసి గుంటూరు స్నేహితుల వాట్సాప్ గ్రూపులో పెట్టడం. ఫొటోలో మూడు చిల్లులు ఒకదాన్నొకటి తాకుతుంటాయి. కింద 'కొత్త పౌడర్ అదిరింది' అని ఒక ముక్క. నెల తిరక్కుండా మరో ఫొటో, మరో పౌడర్. మొన్నటిది ఏమైందని అడిగితే 'అది సెట్ అవ్వలేదు' అంటారు.

పౌడర్‌ను నిందించి లాభం లేదు. మూడు గుళ్లు చూసి తీర్పు చెప్పే అలవాటులోనే ఉంది తిరకాసంతా.

ఒకే రైఫిల్, ఒకే పౌడర్, ఒకే తూకంతో మూడేసి గుళ్ల చొప్పున పది టార్గెట్లు కాల్చి చూడండి. ఒక టార్గెట్ మీద పడిన చిల్లుల గుంపును గ్రూపు అంటారు. అన్నిటికన్నా చిన్న గ్రూపుకూ పెద్దదానికీ మధ్య మూడు రెట్ల తేడా రావడం మామూలే. ఏమీ మార్చకుండానే అంత తేడా వస్తుంటే, పౌడర్ మార్చిన రోజున వచ్చిన చిన్న గ్రూపు ఘనత ఎవరిది? పైగా మూడు గుళ్ల గ్రూపు సగటున పది గుళ్ల గ్రూపులో అరవై, అరవై అయిదు శాతమే ఉంటుంది. అందుకే అది ఫొటోకి అంత అందంగా కనిపిస్తుంది. గుంటూరు వైపు పక్క పొలం చూసి ఏటా మిరప విత్తనం మార్చే రైతులు ఉంటారు. పక్కాయనకు కలిసొచ్చింది విత్తనమా, నీళ్లా, వానా అని తేల్చుకోకుండానే మార్చేస్తారు. ఈ షూటర్లదీ అదే తంతు.

అలాగని వీళ్లు అజాగ్రత్త మనుషులు కారు. తూకం వేసేటప్పుడు ఏసీ గాలి తగిలితే కాటా మీద అంకె ఊగుతుందని ఏసీ ఆపేస్తారు. చిన్న చిన్న కడ్డీల్లా ఉండే పౌడర్‌లో ఒక్క పలుకు బరువు సుమారు 0.02 గ్రెయిన్, అంటే ఒక మిల్లీగ్రాము పైచిలుకు. ఆ పలుకును పట్టకారుతో పట్టుకుని పళ్లెంలో వేస్తారు, బరువు ఎక్కువైతే మళ్లీ తీస్తారు. .308 అనే రకం రైఫిల్ తూటాలో పట్టే మొత్తం పౌడర్ మూడు గ్రాముల లోపే. దానికి ఇంత ఓపిక పట్టే మనిషి, మూడు చిల్లులు చూసి ఆ డబ్బానే అటకెక్కించేయడం నాకు వింతగా ఉంటుంది.

ఈ పౌడర్ కథ గుంటూరుకు కొత్తేమీ కాదు. జిన్నింగ్ మిల్లులో దూది తీసేశాక కూడా పత్తి గింజకు పొట్టి నూగు అంటుకుని ఉంటుంది. లింటర్స్ అంటారు. ఆ నూగుతో నైట్రోసెల్యులోజ్ చేస్తారు. ఫ్రాన్స్‌లో పాల్ వియెల్ 1884లో పొగ రాని తుపాకీ మందు తయారుచేసింది దానితోనే. ఇప్పటి రైఫిల్ పౌడర్లన్నిటికీ అదే మూలం, కొన్నింటిలో నైట్రోగ్లిసరిన్ కూడా కలుస్తుంది. కంపెనీ ఎంత కలిపి సరిచేసినా ఒక లాట్ (ఒక విడతలో తయారైన సరుకు) మండే వేగానికీ ఇంకో లాట్ వేగానికీ కాస్త తేడా ఉండనే ఉంటుంది. డబ్బా మీద పేరు మారకపోయినా లాట్ నంబర్ మారితే, తూకం తగ్గించి మళ్లీ మొదటి నుంచి మెల్లగా పెంచుకుంటూ రావాలి. కాబట్టి ఒక పౌడర్‌కు కట్టుబడి ఉండటమంటే ఒక లాట్‌కు కట్టుబడి ఉండటమే. తెలిసినవాళ్లు పౌండు సీసాలు కొనరు, ఒకే లాట్‌లో ఎనిమిది పౌండ్ల డబ్బా తీసుకుంటారు.

మరి మొదట ఎంచుకోవడం ఎలా? ఇక్కడ కొంచెం బుర్ర పెట్టాల్సిందే. తమ తూటాకు, తమ బుల్లెట్ (తూటాలోంచి ఎగిరే గుండు) బరువుకు కంపెనీలు అచ్చేసిన పట్టికల్లో లేని పౌడర్ జోలికి పోకూడదు. పట్టికలో ఉన్నవాటిలో కేసును, అంటే పౌడర్ పట్టే తూటా గొట్టాన్ని, దాదాపు నింపేది మేలు. సగం ఖాళీగా ఉంటే రైఫిల్ వంచినప్పుడల్లా పౌడర్ అటూ ఇటూ జరిగి వేగం మారుతుంది. ఇక వేడి. విజయవాడలో మే నెల ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు, టెక్సాస్ ఎండ కూడా తక్కువేం కాదు. కొన్ని పౌడర్లలో ఒక్క ఫారన్‌హీట్ డిగ్రీ పెరిగితే సెకనుకు అడుగు పైనే వేగం పెరుగుతుంది. జనవరి పొద్దున 18 డిగ్రీల సెల్సియస్‌లో కుదిరిన గురి 45 డిగ్రీల మధ్యాహ్నానికి తప్పిందంటే ఆశ్చర్యం లేదు. వేగంతోపాటు లోపలి ఒత్తిడీ పెరుగుతుంది, అది ప్రాణం మీదికి వచ్చే సంగతి. ఆస్ట్రేలియాలోని ముల్వాలా ఫ్యాక్టరీలో తయారై హాజ్డన్ పేరుతో అమ్ముడయ్యే వార్గెట్, హెచ్4350 లాంటి పౌడర్లు వేడికి తక్కువగా మారతాయని పేరు తెచ్చుకున్నాయి.

ఆ పేరే వాటికి శాపం కూడా. 2007లో హార్నడీ కంపెనీ 6.5 క్రీడ్‌మోర్ తూటా తెచ్చాక హెచ్4350కి గిరాకీ ఎంత పెరిగిందంటే, చాలా చోట్ల దుకాణాల్లో దొరకడమే గగనమైంది. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక యూరప్‌లో ఫిరంగి గుండ్లకే నైట్రోసెల్యులోజ్ చాల్లేదు, ఇక హాబీ షూటర్లకు ఏం మిగులుతుంది? నన్నడిగితే కాగితం మీద అత్యుత్తమం అనిపించుకుని బజారులో దొరకని పౌడర్ కంటే, రెండో స్థానంలో ఉన్నా ఎప్పుడూ దొరికేదే నయం. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం .30-06 తూటాల్లో వాడిన 4895 రకం పౌడర్ ఇప్పటికీ .308లో చక్కగా పనిచేస్తోంది.

ఒక్క పౌడర్‌నే వాడమనడానికి గురికన్నా బలమైన కారణం ఇంకొకటి ఉంది. ఐఎంఆర్4350, హెచ్4350 రెండూ వేర్వేరు పౌడర్లు. అంకె ఒకటే కదా అని ఒకదాని తూకం ఇంకోదానికి వాడకూడదు. పిస్టల్ పౌడర్ పొరపాటున రైఫిల్ కేసులో పడితే రైఫిలే పేలిపోవచ్చు. అందుకే బల్ల మీద ఒక్క డబ్బా మించి ఉండకూడదన్నది పాతకాపుల నియమం. అరలో ఆరు రకాలున్న ఇంట్లో ఆ నియమం ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఖర్చు సంగతి చెప్పనే లేదు. 6.5 క్రీడ్‌మోర్ బ్యారెల్ పోటీ స్థాయి కచ్చితత్వం రెండు మూడు వేల గుళ్లు దాటేసరికి తగ్గడం మొదలవుతుంది. అందులో సగం పౌడర్ల వేటకే పోతే, గాలి చూసి కాల్చడం ఎప్పుడు నేర్చుకుంటారు?

విజయవాడలో కూర్చుని ఇదంతా చదివి ఇంట్లో తూటా నింపి చూద్దామనుకునేవాళ్లకు ఒక మాట. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. రైఫిల్‌కు లైసెన్స్ ఉన్నంత మాత్రాన తూటాలు చేసుకోవచ్చని కాదు. పోటీల్లో వాడే .22 తూటాకు ప్రైమర్ మందు (పౌడర్‌ను అంటించేది) అంచులోనే ఉంటుంది, ఒకసారి కాలిన కేసు మళ్లీ నింపడానికి పనికిరాదు. అక్కడ చేయగలిగిందల్లా తన రైఫిల్‌కు నప్పే లాట్ వెతుక్కోవడమే. దానికోసం బర్మింగ్‌హామ్‌లో ఈలీ, జర్మనీలోని షోనెబెక్‌లో లపువా అనే తూటాల కంపెనీలు పరీక్షా రేంజ్‌లు నడుపుతున్నాయి. షూటర్లు రైఫిల్ తీసుకెళ్లి, బిగించి, లాట్ల వారీగా కాల్చి చూసుకుని నచ్చిన లాట్ కొనుక్కుంటారు.

మన దగ్గర ఎక్కువమంది పిల్లలు మొదలుపెట్టేది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో. బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రాకు స్వర్ణం, లండన్‌లో హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్‌కు కాంస్యం వచ్చింది ఈ ఈవెంట్‌లోనే. పౌడర్ గొడవ లేదు కదా అనుకుంటాం. ఆ జబ్బు పెల్లెట్ల (ఎయిర్ రైఫిల్ చిన్న గుళ్ల) రూపంలో ఇక్కడా ఉంది. డబ్బా మీద 4.49 అనో 4.50 అనో ఉంటుంది, అది పెల్లెట్ తల వ్యాసం, మిల్లీమీటర్లలో. పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే కాబట్టి ఆ తేడా లెక్కలోకి రాదని నేననను. కానీ ఒక మ్యాచ్‌లో స్కోరు పడిపోగానే పిల్లాడు పెల్లెట్ మార్చమంటాడు, నాన్న టెన్షన్ పడి దిగుమతి డబ్బా ఇంకొకటి తెప్పిస్తాడు.

తెప్పించే ముందు కోచ్ దగ్గర ఒక్క డబ్బా అడిగి తీసుకుని, పాతదానితో ముప్పై, కొత్తదానితో ముప్పై, ఒకే రోజు, పదేసి చొప్పున మార్చి మార్చి కాల్పించండి. ఏది ఏ డబ్బాదో కోచ్‌కి తప్ప పిల్లాడికి తెలియకూడదు. మొత్తాలు దగ్గర దగ్గరగా వస్తే, పాత డబ్బా మీద ఉన్న లాట్ నంబరే చెప్పి మరో నాలుగు డబ్బాలు తీసుకోండి.